సైకిల్‌కి దారిచ్చిన ఊరు

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో బడిపిల్లలు, బామ్మలు, ఆఫీసర్లు, కూలీలు అందరూ సైకిల్ మీదే తిరుగుతారు. ఎవరో చెప్పారని కాదు, అందులో హాయి ఉంది కనుక. యాభై ఏళ్ల కిందట ఆ దేశపు రోడ్లూ కార్ల కింద నలిగిపోయినవే. ఆ రోడ్ల మీదికి సైకిల్ మళ్లీ ఎలా వచ్చింది? దానివల్ల జనానికి ఏం దక్కింది?

ఉట్రెక్ట్‌లో ఓ బడి ఉంది. దాని కప్పు మీద సైకిళ్లు నడుస్తాయి.

ఊరికి పడమటి వైపు కొత్తగా వెలిసిన కాలనీలకీ, పాత ఊరికీ మధ్య ఓ పెద్ద కాలువ అడ్డం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైన్ నదికి సరుకుల పడవలు వెళ్లే దారి అది. దాన్ని దాటడానికి సైకిళ్లకూ పాదచారులకూ ఓ వంతెన కావాల్సి వచ్చింది. ఇవతలి గట్టున దిగడానికేమో చోటు లేదు. ఉన్నదల్లా ఓ ప్రాథమిక పాఠశాల, దాన్ని ఆనుకుని పార్కు. అప్పుడు వంతెననీ బడినీ పార్కునీ కలిపి ఒకే నిర్మాణంగా గీశారు. వంతెన దిగే దారి బడి కప్పు మీదుగా నిదానంగా వంపు తిరిగి పార్కులోకి జారుతుంది. 2017లో దాన్ని తెరిచి, ఆ ఊరి ఆడపడుచు, పరుగు పందేల్లో ప్రపంచ విజేత డాఫ్నె స్కిప్పర్స్ పేరు పెట్టారు. కింద పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, పైన పెద్దవాళ్లు ఆఫీసులకు పోతుంటారు.

సైకిల్‌కి దారివ్వడం అంటే ఏమిటో ఈ వంతెన చూస్తే తెలుస్తుంది. రోడ్డు వెయ్యగా మిగిలిన అంచున తెల్లగీత గీసి, చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ గీతని వదిలేసే పద్ధతి ఇక్కడ లేదు. దారి ఎక్కడ తెగిపోతుందో అక్కడే ఇంజినీరు పని మొదలవుతుంది.

నెదర్లాండ్స్ జనాభా సుమారు 1.8 కోట్లు. సైకిళ్లు సుమారు 2.3 కోట్లు! మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ. ఆ దేశంలో జనం చేసే మొత్తం ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిల్ మీదే సాగుతాయి. దాదాపు 3.7 లక్షల మంది ఉండే ఉట్రెక్ట్, ఆ సైకిల్ జీవితాన్ని దగ్గర్నుంచి చూడటానికి తగిన ఊరు.

పక్కపక్కన, కబుర్లాడుకుంటూ

ఊరి నడిబొడ్డున వ్రెడెన్‌బర్గ్ అనే కూడలి ఉంది. అక్కడి సైకిల్ బాట మీద రోజుకు 30 వేలకు పైగా సైకిళ్లు వెళ్తాయి. పొద్దున ఎనిమిదింటికి అక్కడ నిలబడిన మనవాళ్లకి ముందు వింతగా తోచేది చప్పుడు లేకపోవడం. హారన్లు లేవు. గొలుసులు తిరిగే సన్నటి శబ్దం, అప్పుడప్పుడూ ఓ బెల్లు, మధ్యలో మాటలు. అవును, మాటలు వినిపిస్తాయి. బాట వెడల్పుగా ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన తొక్కడాన్ని చట్టమూ ఒప్పుకుంటుంది. అందుకే స్నేహితులు రాత్రి చూసిన సినిమా గురించి మాట్లాడుకుంటూ వెళ్తారు. భార్యాభర్తలు సాయంత్రం కూరకేం తేవాలో అక్కడే తేల్చేసుకుంటారు.

ఎవరి ఒంటి మీదా ప్రత్యేకమైన దుస్తులుండవు. కోటు వేసుకున్నాయన కోటుతోనే, గౌను వేసుకున్నావిడ గౌనుతోనే తొక్కేస్తారు. ఓ తండ్రి సైకిల్‌కి ముందువైపు పెద్ద చెక్కపెట్టె బిగించి ఉంటుంది. అందులో ఇద్దరు పిల్లలు, వాళ్ల కాళ్ల దగ్గర కూరగాయల సంచి. ఇంకో అమ్మాయి వెనక క్యారేజీ మీద ఓ పక్కకి తిరిగి కూర్చుని కాళ్లూపుతుంటుంది. ఓ తల్లి తన సైకిల్ తొక్కుతూనే, పక్కన చిన్న సైకిల్ మీదున్న కొడుకు వీపు మీద అరచెయ్యి ఆనించి ఎదురుగాలిలో వాణ్ని మెల్లగా ముందుకు తోస్తుంటుంది. ఆ చెయ్యి బిగుసుకుని ఉండదు, ఊరికే ఆసరాగా ఉంటుంది. బిడ్డ పక్కన ఏ లారీ దూసుకొస్తుందోనన్న బెంగ ఉంటే ఆ చెయ్యి అలా ఉండదు.

సైకిల్ మీద సుఖం ఎక్కడిదని అడిగితే చాలామంది ముందు గాలి, చెట్లు, వ్యాయామం అంటారు. అవన్నీ నిజమే. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో ఊరు కంటికి ఆనుతుంది. బేకరీలోంచి రొట్టె వాసన తగులుతుంది, ఎదురొచ్చే మనిషి మొహం కనిపిస్తుంది, పాత పుస్తకాల కొట్టు కనిపిస్తే ఉన్నపళంగా ఆగిపోవచ్చు. పార్కింగ్ కోసం వీధి చుట్టూ ప్రదక్షిణలు అక్కర్లేదు. నిన్న పన్నెండు నిమిషాలు పట్టిన దారి ఇవాళా పన్నెండు నిమిషాలే. అయితే వీటన్నిటికీ అడుగున ఒకటుంది. అది భయం లేకపోవడం. వెనకనుంచి ఏదో వచ్చి గుద్దుతుందేమోనన్న ఆలోచనే లేకుండా తొక్కగలిగినప్పుడే రొట్టె వాసన ముక్కుకి తెలుస్తుంది. ఉట్రెక్ట్ తన జనానికి ఇచ్చింది ఆ నిర్భయాన్ని. మిగతా సుఖాలన్నీ దాని వెంటే వచ్చాయి.

కొన్ని చోట్ల ఆ ఊరు సరదా కూడా పడింది. సైకిలిస్టులకు ఎర్ర లైటు దగ్గర ఆగడమంటే విసుగు. ఆగితే మళ్లీ ఊపందుకోవడానికి కండలు కరగాలి. అందుకని 2017లో ఓ రోడ్డు మీద, సిగ్నల్‌కి సుమారు 120 మీటర్ల ముందు ఓ నీలం స్తంభం పెట్టి చూశారు. దాని తెర మీద కుందేలు బొమ్మ వస్తే కాస్త వేగం పెంచండి, పచ్చలైటు అందుతుంది. తాబేలు వస్తే నెమ్మదించండి. బొటనవేలు పైకెత్తిన బొమ్మ వస్తే ఇదే వేగంతో సాగిపోండి. ఆవు వచ్చిందంటే ఏం చేసినా ఆగక తప్పదు! మున్సిపాలిటీ సైకిలిస్టు చెమట గురించి ఇంతగా ఆలోచించడం ఆ ఊరు అతనికిచ్చే గౌరవం.

12,500 సైకిళ్లు ఒక్క చూరు కింద

ఉట్రెక్ట్ సెంట్రల్ ఆ దేశపు రైల్వేలకు గుండెకాయ లాంటి స్టేషను. దాని కింద మూడంతస్తుల్లో సైకిల్ స్టాండ్ కట్టారు. మొదటి భాగం 2017లో తెరిచారు, 2019కి పూర్తయింది. 12,500 సైకిళ్లు పడతాయి.

అందులోకి సైకిల్ దిగి నడిపించుకుంటూ పోనక్కర్లేదు, తొక్కుకుంటూనే వెళ్లిపోవచ్చు. వాలుగా దిగే దారి, లోపల వెడల్పాటి నడవలు, ఏ వరుసలో ఎన్ని ఖాళీలున్నాయో చూపే బోర్డులు. ఒక్కో వరుసలో రెండు అంతస్తుల స్టాండ్లు. పై అరను కిందికి లాగి, సైకిల్ ముందు చక్రం దాని గాడిలో పెట్టి, తోస్తే చాలు. అక్కణ్నుంచి మెట్లెక్కితే ప్లాట్‌ఫామ్‌. మొదటి 24 గంటలకు పైసా కట్టక్కర్లేదు. పంక్చరు పడితే బాగుచేసే షాపు లోపలే ఉంది.

ఈ కట్టడం వెనక లెక్క తేలికైనది. ఆ దేశంలో రైలెక్కేవాళ్లలో నూటికి నలభై మందికి అటూ ఇటూగా స్టేషనుకి సైకిల్ మీదే వస్తారు. ఊళ్లో సైకిల్, ఊళ్ల మధ్య రైలు. రెండూ కలిస్తే కారుతో పోటీపడే ప్రయాణం తయారవుతుంది. రైలు దిగిన ఊళ్లో సైకిల్ లేకపోతే? దానికీ ఏర్పాటుంది. రైల్వే సంస్థే నీలం, పసుపు రంగుల సైకిళ్లు అద్దెకిస్తుంది. ఒకప్పుడు మన వీధి చివర గంటకింత అని సైకిళ్లిచ్చిన షాపు పని, అక్కడ దేశమంతటా స్టేషన్లలో సాగుతోంది. 2023 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ ఇంకో అడుగు వేసింది. ప్రధాన స్టేషను ముందు నీళ్ల అడుగున 7,000 సైకిళ్లు పట్టే స్టాండ్ తెరిచింది.

‘పిల్లల్ని చంపడం ఆపండి’

ఇదంతా చూసి ‘వాళ్లకి పుట్టుకతోనే సైకిల్ అబ్బింది, మనకెక్కడ కుదురుతుంది’ అనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బులాడగానే డచ్ ప్రజలూ కార్లు కొన్నారు. సైకిల్ తొక్కేవాళ్లు ఏటేటా తగ్గిపోయారు. నగరాలు కార్లకోసం ఇళ్లు కూలగొట్టాయి, కూడళ్లను పార్కింగ్ స్థలాలుగా మార్చాయి. ఉట్రెక్ట్ అయితే ఊరి చుట్టూ మధ్యయుగాల నుంచి ఉన్న కందకంలో ఒక భాగాన్ని 1970ల్లో ఎండగట్టి, ఆ గుంటలోనే కార్లకు పెద్ద రహదారి వేసింది.

దాని మూల్యం 1971లో లెక్కకొచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. అప్పటికి ఆ దేశ జనాభా కోటీ ముప్ఫై లక్షలు.

అలా బిడ్డను పోగొట్టుకున్నవాళ్లలో విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడు ఒకరు. ఆరేళ్ల కూతురు రోడ్డు ప్రమాదంలో పోయింది. 1972లో ఆయన ‘డె టైడ్’ పత్రికలో ఓ వ్యాసం రాశారు. శీర్షిక ‘స్టాప్ డె కిండర్‌మోర్డ్’. అంటే పిల్లల్ని చంపడం ఆపండి అని. ఆ శీర్షికే ఓ ఉద్యమానికి పేరైంది. దాని తొలి అధ్యక్షురాలు మార్చె వాన్ పుటెన్ అనే యువతి. తర్వాతి కాలంలో ఆమె యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలయ్యారు. ఆ ఉద్యమకారులు ప్రమాదాలు జరిగే చోట్ల రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. వీధులు మూసేసి, నడిరోడ్డు మీద బల్లలు వేసి అందరూ కలిసి భోంచేశారు. పిల్లలు ఆ రోడ్ల మీదే ఆడుకున్నారు. ప్రధాని యోప్ డెన్ ఐల్ ఇంటికి సైకిళ్ల మీద వెళ్లి పాటలు పాడి, పిల్లలకు భద్రమైన వీధులివ్వమని అడిగారు.

సరిగ్గా అప్పుడే 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. అరబ్ దేశాలు నెదర్లాండ్స్‌కి చమురు ఆపేశాయి. పెట్రోలు ఆదా చేయడానికి ప్రభుత్వం ఆదివారాలు కార్లను బంద్ చేసింది. నవంబరు 4న మొదటి కార్లు లేని ఆదివారం. ఆ రోజు జనం పెద్ద రహదారుల మీద సైకిళ్లు తొక్కారు, పిల్లలు స్కేట్లు కట్టుకుని తిరిగారు. కార్లు లేకపోతే ఊరు ఎంత విశాలంగా ఉంటుందో కళ్లారా చూశారు. 1975లో సైకిలిస్టుల సంఘం పుట్టింది. అది ఊరూరా ప్రమాదకరమైన చోట్లను పటాల మీద గుర్తించి మున్సిపాలిటీల వెంటపడింది. మొదట ద హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ప్రయోగాత్మకంగా సైకిల్ దారులు వేశారు. ఒక్క దారి వేస్తే ఆ దారి మీద మాత్రమే సైకిళ్లు పెరిగాయి. ఊరంతా సైకిళ్లు పెరగాలంటే ఊరంతా అల్లుకునే దారులు కావాలని తేలింది. 1980ల్లో డెల్ఫ్ట్ నగరం ఆ వల అల్లి చూపించింది.

ఉట్రెక్ట్ కూడా తన తప్పు దిద్దుకుంది. ఎండగట్టిన కందకాన్ని తిరిగి తవ్వాలని 2002లో జనం ఓట్లేసి చెప్పారు. పద్దెనిమిదేళ్లు పట్టింది. 2020 సెప్టెంబరులో చివరి భాగంలోకీ నీళ్లొచ్చాయి. కార్లు పరుగెత్తిన గుంటలో ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి, గట్టు మీద చెట్ల నీడన జనం నడుస్తున్నారు.

కారుకి చుట్టుదారి, సైకిల్‌కి అడ్డదారి

సైకిల్ ఊళ్ల రహస్యం ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇదే: దగ్గరి దారి సైకిల్‌కివ్వాలి, చుట్టుదారి కారుకివ్వాలి. ఈ సూత్రాన్ని అందరికంటే తెగించి అమలు చేసింది ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్. 1977 సెప్టెంబరులో ఊరి మధ్య భాగాన్ని నాలుగు ముక్కలుగా విడదీశారు. ఓ ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కారులో నేరుగా పోవడానికి వీల్లేదు. బయటి రింగురోడ్డు ఎక్కి చుట్టూ తిరిగి రావాలి. సైకిల్, నడిచే మనిషి మాత్రం సూటిగా వెళ్లిపోవచ్చు. ఈ మార్పంతా రాత్రికి రాత్రే చేసేశారు. ఆ ప్రణాళికను ముందుండి నడిపింది మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే యువ నాయకుడు. వ్యాపారులు భగ్గుమన్నారు. కార్లు రాకపోతే కొట్లు మూసుకోవాల్సిందేనన్నారు. కొట్లు మూతపడలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో సగానికి పైగా ప్రయాణాలు సైకిల్ మీదే జరుగుతాయి.

ఉట్రెక్ట్ పక్కనే ఉన్న హౌటెన్ పట్టణాన్నయితే కొత్తగా కట్టేటప్పుడే ఇలా కట్టారు. ఊరి చుట్టూ కార్ల రింగురోడ్డు. కాలనీ నుంచి కాలనీకి కారులో పోవాలంటే ఆ రింగు మీదికే రావాలి. ఊరి నడుమ వెన్నెముకలా పచ్చటి సైకిల్ దారి. బళ్లు, ఆటస్థలాలు దాన్ని ఆనుకునే ఉంటాయి. కార్లపై నిషేధమేమీ లేదు. ఇంటి ముందు కారు ఉంటుంది. పాలపాకెట్ తేవడానికి మాత్రం దాని తాళం తియ్యబుద్ధి కాదు, అంతే.

పదేళ్లకే పరీక్ష

దారులు వేయడంతో పని అయిపోలేదు. ప్రాథమిక పాఠశాల చివరి తరగతుల్లో, పదీ పన్నెండేళ్ల మధ్య పిల్లలు ట్రాఫిక్ పరీక్ష రాస్తారు. కాగితం మీద ఒకటి, సైకిల్ మీద ఒకటి. సైకిల్ పరీక్ష రోజున నంబరు ముద్రించిన జాకెట్ తొడుక్కుని నిజం రోడ్డు మీద, గుర్తులు పెట్టిన దారి వెంట తొక్కాలి. మలుపుల దగ్గర పెద్దలు నిలబడి చూస్తుంటారు. ఎడమకు తిరిగేముందు వెనక్కి చూశాడా? చెయ్యి చూపించాడా? కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారిచ్చిందా? గెలిచినవాళ్లకు ధ్రువపత్రం.

ఈ పిల్లలే మర్నాటి నుంచి ఒంటరిగా ఈతకెళ్తారు, స్నేహితుల ఇళ్లకెళ్తారు. తల్లిదండ్రులకు డ్రైవరు ఉద్యోగం తప్పుతుంది. పదేళ్ల పిల్లకు ఊరంతా తనదవుతుంది. అలాగే కారు నడపడం మానేసిన డెబ్బై అయిదేళ్ల పెద్దావిడకు కూడా. సైకిల్ దారులు లేని ఊళ్లో వీళ్లిద్దరూ ఎవరైనా తీసుకెళ్తే తప్ప కదల్లేని మనుషులు. సైకిల్ ఇచ్చే లాభాల్లో ఇంతకంటే పెద్దది లేదు.

ఆయుష్షు పెంచే తొక్కుడు

ఒంటికి కలిగే మేలూ చిన్నది కాదు. 2015లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కట్టిన లెక్క ప్రకారం, సైకిల్ తొక్కడం వల్ల ఆ దేశంలో ఏటా సుమారు 6,500 మరణాలు తప్పుతున్నాయి. సగటు ఆయుర్దాయం అర్ధ సంవత్సరం పెరుగుతోంది. 2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగుల ఆరోగ్య వివరాలు పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లలో, కారులోనో బస్సులోనో వెళ్లేవాళ్లతో పోలిస్తే, చనిపోయే ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. గుండెజబ్బులు, క్యాన్సర్ ముప్పు కూడా దాదాపు సగం తక్కువ.

జిమ్‌కి డబ్బు కట్టి మూడోవారం మానేసేవాళ్లు మన చుట్టూ ఎంతోమంది. వ్యాయామానికి వేరే గంట తీయాలంటే ఎవరికైనా కష్టమే. ఆఫీసుకెళ్లే దారే వ్యాయామమైతే దాన్ని మానేసే వీలుండదు. అందుకే ఉట్రెక్ట్‌లో ఆరోగ్యం కోసం సైకిలెక్కానని చెప్పేవాళ్లు అరుదు. పని మీద వెళ్తుంటే ఆరోగ్యం తనంతట తనే వస్తోంది.

సైకిల్ ఊరి ఆనవాళ్లు

• ఎర్ర తారు: సైకిల్ బాటలు చాలావరకు ఎర్రగా ఉంటాయి. డ్రైవర్లకు దూరం నుంచే తెలుస్తుంది, ఇది తమ చోటు కాదని.

• కారు అతిథి: కొన్ని వీధుల్లో రోడ్డంతా సైకిళ్లదే. కారు రావచ్చు, వాటి వెనకే నెమ్మదిగా నడవాలి. ‘ఇక్కడ కారు అతిథి’ అని బోర్డే ఉంటుంది.

• ఆట వీధి: డెల్ఫ్ట్‌లో మొదలై 1976లో చట్టంలోకెక్కిన పద్ధతి. నివాస వీధిలో కారు మనిషి నడిచే వేగంతోనే పోవాలి. నడిరోడ్డు మీద పిల్లలు ఆడుకోవచ్చు.

• భారం బండిదే: కారు సైకిల్‌ని గుద్దితే నష్టపరిహారం భారం ముందుగా కారువైపే వాలుతుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల విషయంలో దాదాపు ఎప్పుడూ పూర్తిగా కారుదే.

• వానకు పచ్చలైటు: గ్రోనింగెన్ వంటి నగరాల్లో కొన్ని సిగ్నళ్లు వాన పడుతున్నట్టు గుర్తించి సైకిళ్లకు తొందరగా దారిస్తాయి.

ఎదురుగాలి లేకపోలేదు

ఆ దేశం బల్లపరుపు నేల, సైకిల్‌కి అనువైనదే. కానీ సముద్రం మీంచి వచ్చే ఎదురుగాలి కొండెక్కినంత పని పెడుతుంది. చలికాలమంతా సన్నటి వాన. ఆ గాలితోనూ పండగ చేసుకోవడం వాళ్లకే చెల్లింది. తుపాను గాలి వీచినప్పుడు ఊస్టర్‌స్కెల్డె సముద్రపు అడ్డుకట్ట మీద 8.5 కిలోమీటర్ల ఎదురుగాలి సైకిల్ పోటీ పెడతారు. గేర్లు లేని మామూలు సైకిళ్ల మీద, గాలికి ఎదురుగా!

అసలైన సమస్యలు వేరే ఉన్నాయి. కొన్నేళ్లుగా అక్కడి రోడ్డు మరణాల్లో కారులో ఉన్నవాళ్ల కంటే సైకిల్ మీదున్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో పెద్ద వయసువారు చాలామంది. బ్యాటరీ సైకిళ్ల వేగం పెరుగుతోంది, బాటలు ఇరుకవుతున్నాయి. లావు చక్రాల బ్యాటరీ బళ్ల మీద కుర్రాళ్ల దూకుడు గురించి ఊరూరా చర్చ నడుస్తోంది. అయినా 1971లో 3,300 ఉన్న మొత్తం రోడ్డు మరణాలు 2023లో 684. జనాభా, కార్లు రెండూ పెరిగాక కూడా! మిగిలిన ఆ 684 కోసం కూడా వాళ్లు ఇంకా దెబ్బలాడుతూనే ఉన్నారు.

మన ఊరికి ఏ దారి?

డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్‌లకు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిన తెలుగు పిల్లలు మొదటి వారంలో కొనే వస్తువుల్లో పాత సైకిల్ ఒకటి. ఇక్కడ వీధి చివరకు కూడా స్కూటర్ తీసేవాళ్లే, అక్కడ వానలోనూ తొక్కుకుంటూ లైబ్రరీకి వెళ్తారు. మనిషి అదే మనిషి. మారింది రోడ్డు.

2011 జనగణన నాటికి మన దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది. అంటే సైకిల్ మనకేం కొత్త కాదు. ఇవాళ కూడా హైదరాబాద్‌లో, విజయవాడలో తెల్లారకముందే సైకిలెక్కేవాళ్లున్నారు. పేపరు వేసే కుర్రాళ్లు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, భవన నిర్మాణ కూలీలు, పూలమ్మేవాళ్లు. వాళ్లు ఫ్యాషన్ కోసం తొక్కడం లేదు. వేరే బండికి స్తోమత లేక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కుతున్నారు. సైకిల్ దారి గురించి మాట్లాడినప్పుడు మనకు మొదట గుర్తు రావాల్సింది వీళ్లే. 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోయారు. నెదర్లాండ్స్ తల్లిదండ్రులను వీధుల్లోకి తెచ్చిన ప్రశ్న ఇక్కడ ఇంకా పెద్దదిగా మిగిలి ఉంది.

ప్రయత్నాలు లేకపోలేదు. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ బాట తెరుచుకుంది. పైన సౌర ఫలకాల కప్పు. ‘మన ఎండల్లో సైకిలా’ అనేవాళ్లకు అదో సమాధానం. దారికి నీడ వేయొచ్చని, ఆ నీడే కరెంటు ఇస్తుందని అది చూపించింది. కానీ అది ఊరి అంచున, ఎక్కువగా సెలవు రోజు వ్యాయామానికి పనికొచ్చే దారి. మెహిదీపట్నంలో బడికెళ్లే పిల్లకు, కూకట్‌పల్లిలో పనికెళ్లే కూలీకి అది అందదు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో ఎంపికైన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. అంటే చేయగల ఊళ్లు మన దగ్గర ఉన్నాయి.

నేల తీరు చూసినా మనకు లోటు లేదు. కృష్ణా, గోదావరి డెల్టా పట్టణాలు నెదర్లాండ్స్ లాగే బల్లపరుపు. విజయవాడ మధ్యలోంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. ఆ గట్లు బాగుచేసి, చెట్లు నాటి, అడ్డంకుల్లేని సైకిల్ బాటలుగా మార్చితే ఊరి ఈ కొసనుంచి ఆ కొసకు నీడలో వెళ్లొచ్చు. భీమవరం, తెనాలి, కాకినాడ వంటి ఊళ్లలో ఇంటి నుంచి బడికి, బజారుకి, స్టేషనుకి దూరం చాలామందికి మూడు నాలుగు కిలోమీటర్లే. సైకిల్‌కి సరిపోయే కొలత అది.

ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు డచ్ అనుభవమే జవాబిస్తోంది. కోట్ల ప్రాజెక్టుతో అక్కర్లేదు. ప్రతి ఊళ్లో ఒక్కో ప్రభుత్వ బడిని తీసుకుని, దాని చుట్టూ రెండు కిలోమీటర్ల మేర ఎత్తు అంచుతో వేరుచేసిన బాట వెయ్యాలి. మధ్యలో తెగకూడదు, కార్లు ఆపుకునే చోటు కాకూడదు. బడి వేళల్లో ఆ వీధుల్లో బండ్ల వేగం తగ్గాలి. రైల్వే స్టేషన్ల దగ్గర, బస్టాండ్ల దగ్గర కాపలా ఉన్న సైకిల్ స్టాండ్ ఉచితంగా ఉండాలి. తర్వాతి ఏడాది ఆ బాటను పక్క బడి బాటతో కలపాలి. వల అలాగే పెరుగుతుంది.

ఇవి ఇంజినీర్లు తమంతట తాము చేసే పనులు కావు. ఉట్రెక్ట్‌కీ గ్రోనింగెన్‌కీ ఎవరూ వరమివ్వలేదు, అక్కడి తల్లిదండ్రులు పట్టుబట్టి అడిగారు. మన వార్డు సభల్లో రోడ్డు వెడల్పు గురించి అడుగుతాం, ఫ్లైఓవర్ గురించి అడుగుతాం. ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్లను ఇంకొకటి అడుగుదాం: మా పదేళ్ల పిల్లను బడికి ఒంటరిగా సైకిల్ మీద పంపగలిగే రోడ్డు మీరు ఏ ఏడాదికల్లా వేస్తారు? తేదీ చెప్పమందాం. చెప్పేదాకా వదలొద్దు.